దరఖాస్తు ఉత్తరంలో ‘నేను’

ఉద్యోగం అడుగుతూ రాసే ఉత్తరంలో మన గురించి మనమే మంచి చెప్పుకోవచ్చా? చెప్పుకుంటే అది గొప్పలు పోవడం అవుతుందా? చెప్పుకోకుండా ఊరుకుంటే అది వినయమా, ఉన్నదాన్ని దాచడమా? ఇంటర్ అయినవాళ్ళు, డిగ్రీ అయినవాళ్ళు, మన పిల్లలెవరూ ఈ ప్రశ్నను ఈ మాటల్లో అడగరు. తెల్లకాగితం ముందు పెట్టుకుని గంటసేపు కూర్చుంటారు. చివరికి, “మేస్టారూ, మీరే ఏదోటి రాసిచ్చేయండి” అంటారు. ఏజెన్సీ బడుల్లో పనిచేసే మా వంటివాళ్ళకు ఇది అలవాటైన మాటే. రాసిచ్చేస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. కానీ ఆ గంటసేపూ వాళ్ళ చెయ్యి ఎందుకు కదల్లేదన్నది ఆలోచించాల్సిన విషయమని మేము అనుకుంటున్నాం.

ముందు ఆ ఉత్తరం ఏమిటో చెప్పుకుందాం. సర్కారు ఉద్యోగానికి దాని అవసరం పెద్దగా లేదు. ఆన్‌లైన్ ఫారం నింపుతాం, హాల్‌టికెట్ వస్తుంది, పరీక్ష రాస్తాం, మార్కులు తేలుస్తాయి. మీరెలాంటి మనిషని అక్కడ ఎవరూ అడగరు. స్వచ్ఛంద సంస్థలు, ట్రస్టు ఆసుపత్రులు, అరకు వైపు రిసార్టులు, కాఫీ కొనే కంపెనీలు, విశాఖపట్నంలోని ప్రైవేటు బడులు మాత్రం బయోడేటాతో పాటు ‘కవర్ లెటర్’ పంపమని అడుగుతుంటాయి. బయోడేటాలో మార్కులూ తేదీలూ ఉంటాయి. ఉత్తరంలో మనిషి ఉండాలి. ఏ పోస్టుకు రాస్తున్నాం, ఆ పని మనకు వచ్చని ఎలా నమ్మమంటాం, అలాంటి పని ఇంతకుముందు ఎక్కడ చేశాం అన్నవి పేజీ దాటకుండా చెప్పాలి. చదివేవాళ్ళ ముందు యాభయ్యో వందో కాగితాలు ఉంటాయి. మొదటి నాలుగు వరుసల్లో వాళ్ళకు ఏమీ దొరక్కపోతే అయిదో వరుస దాకా రారు.

ఇది నేర్చుకోలేని విద్యేమీ కాదు. మన పిల్లలకు అడ్డుపడేది విద్య తక్కువ కావడం అంతకంటే కాదు. అడ్డుపడేది పెంపకం. ఆ పెంపకం చెడ్డదని చెప్పడానికి మేము సిద్ధంగా లేము.

మన ఊళ్ళలో ఎవరి గురించి వాళ్ళు చెప్పుకోరు. దిసారి ఎక్కడా తాను మంచి దిసారినని చెప్పుకోడు. నాలుగు ఊళ్ళవాళ్ళు అతని గుమ్మం ముందు కూర్చోవడమే అతనికి సర్టిఫికెట్టు. పెళ్ళి మాటలప్పుడు కుర్రాడు ఒక మూల తల వంచుకుని ఉంటాడు. వాడు నాగలి బాగా పడతాడనీ, తాగినా తూలడనీ మేనమామో ఊరిపెద్దో చెప్తాడు. ధింసాలో ఒకరి నడుం వెనక ఒకరు చెయ్యి వేసి ఆడతాం. వరుసలోంచి బయటికొచ్చి తానొక్కతే ఆడి చూపించే అమ్మాయిని ఎవరైనా ఏమనుకుంటారు? ఇలా పెరిగినవాళ్ళ చేతికి కాగితం ఇచ్చి, “నీ మేనమామవు కూడా నువ్వే అయి, నీ గురించి చెప్పు” అంటే చెయ్యి కదలకపోవడంలో వింత లేదు.

అయితే మనలో ‘నేను’ అసలే లేదు, ఉన్నదంతా ‘మేము’ అని కొందరు చెప్తుంటారు. సభల్లో వినడానికి బాగుంటుంది. కానీ నిజం అంత సులువుగా లేదు. ఇటుకల పండగనాడు వేటకు వెళ్ళినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. దొరికిన మాంసం ఇంటింటికీ పంచుతారు. వేటకు రాలేని ముసలివాళ్ళ ఇంటికి, విధవరాలి ఇంటికి కూడా వాటా వెళ్తుంది. అంతవరకూ ‘మేము’. కానీ మా వైపు మొదటి బాణం ఎవరిదో కూడా చూస్తారు, దానికొక వాటా వేరే తీస్తారు. బాణం తనది కాకపోయినా తనదన్నవాడిని చాలాకాలం నవ్వుతూనే ఉంటారు. తన బాణమే అయినా నోరు మూసుకున్నవాడిని, “నీదే కదరా, చెప్పవేం?” అని పెద్దవాళ్ళే ముందుకు తోస్తారు. అంటే లెక్క ఉంది. అందరం పంచుకున్నాం కాబట్టి ఎవరు ఏం చేశారన్నది పోదు. ‘మేము వేటకు వెళ్ళాం, బాణం నాది’ అన్న రెండు మాటలూ ఒకే నోటితో చెప్పుకోవచ్చు.

ఉత్తరంలో అడిగేది కూడా ఇంతే. చేసినదాన్ని చేశానని చెప్పడం సాక్ష్యం. చెయ్యనిదాన్ని కలిపితే గొప్పలు. చేసినదాన్ని మింగేస్తే అది వినయంలా కనిపిస్తుంది గానీ, సాక్షి నోరు మూసుకోవడం కూడా అందులో ఉంది. పంచాయతీలో చూసినవాడు చూశానని చెప్పకపోతే మనం ఊరుకోం కదా. తన పని విషయానికొచ్చేసరికి మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

పెంపకంతో పాటు అడ్డుపడేది మరొకటుంది. దాని మీద మాకు ఏ గౌరవమూ లేదు. అది అర్జీ భాష.

మన తాతల కాలంలో కాగితం అంటే అర్జీయే. పట్టా కోసం, పోడు భూమి కోసం, అటవీశాఖ వాళ్ళు పెట్టిన కేసు కోసం కచేరీ ముందు కూర్చున్న రాతగాడికి డబ్బులిచ్చి రాయించుకున్నది. అందులో మనిషి ఎప్పుడూ మోకాళ్ళ మీదే ఉంటాడు. ‘తమ దివ్యసముఖమునకు’, ‘దయతలచి’, ‘కటాక్షించవలసినదిగా ప్రార్థన’. ఆ మాటలు మన నోటిలోవి కావు, మనవాళ్ళకు అర్థమైనవి కూడా కావు. రాసినవాడికి అలవాటు, తీసుకున్నవాడికి ఇష్టం. ఇప్పుడు ఐటీడీఏలో గ్రీవెన్స్ రోజున వరుసలో నిలబడ్డవాళ్ళ చేతుల్లోని కాగితాలు చూసినా సగం అవే మాటలు. మన పిల్లలు ఉద్యోగం ఉత్తరం రాయమంటే ఇంట్లో చూసిన ఆ ఒకే ఒక్క నమూనాను దించుతారు.

ఈ కొండల్లో వేరే రకం రాత కూడా ఉండేదని ఇక్కడ గుర్తు చేయాలి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, మల్లు దొర, వాళ్ళతో ఉన్న మనవాళ్ళు వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. తీసుకున్న ఆయుధాల లెక్క స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం పెట్టారు. వస్తున్నామని ముందే తెలిపే మిరపకాయ టపా గురించి మన పిల్లలందరికీ తెలుసు. ఉద్యోగానికి మిరపకాయ కట్టి పంపమని మేము చెప్పడం లేదు! ఎవరం, ఏం చేశాం, ఎంత చేశాం అని తిన్నగా రాసి కింద పేరు పెట్టడం మనకు కొత్త కాదని మాత్రమే చెప్తున్నాం.

ఒక ఉదాహరణ. మా మండలంలో ఒక అమ్మాయి, ఇంటర్ చదివింది. మైదానంలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఆరోగ్య కార్యకర్త ఉద్యోగానికి ఉత్తరం రాసుకుని తెచ్చింది. “గౌరవనీయులైన అయ్యగారికి, నేను నిరుపేద గిరిజన కుటుంబమునకు చెందినదానను. మా తల్లిదండ్రులు కూలి చేసి నన్ను చదివించినారు. కావున తమరు దయతలచి నాకు ఈ ఉద్యోగము ఇప్పించి నా కుటుంబమును కాపాడవలసినదిగా ప్రార్థన.” అందులో అబద్ధం ఒక్కటీ లేదు. పేదవాళ్ళే. కూలి చేసే చదివించారు. కానీ ఆ ఉత్తరం చదివినవాళ్ళకు ఆ అమ్మాయి ఏ పని చెయ్యగలదో తెలియదు. కుటుంబాన్ని కాపాడాల్సిన బాధ్యత ఆసుపత్రిదా? రోగులను చూసుకునే మనిషి వాళ్ళకు కావాలి.

ఖాళీగా ఉన్న రెండేళ్ళూ ఏం చేశావని అడిగాం. “ఏం లేదు, ఇంటి దగ్గరే” అంది. ఇంటి దగ్గర ఏం చేశావంటే కొంచెం కొంచెంగా వచ్చింది. వాళ్ళ పిన్ని ఆశా కార్యకర్త. ఆమెకు రాత సరిగా రాదు. ఈ అమ్మాయి ఆమెతో తిరిగేది, రిజిస్టర్లు రాసేది. కువి తప్ప మరో భాష రాని ముసలమ్మలకూ, కువి రాని నర్సమ్మకూ మధ్యన నిలబడి మాటలు అందించేది. ఇదంతా ‘ఏం లేదు’ కింద జమ! డబ్బులు రాలేదు కాబట్టి పని కాదు, అందరితో కలిసి చేసింది కాబట్టి తనది కాదు అనుకుంది.

తర్వాత ఆ అమ్మాయే మళ్ళీ రాసింది: “మీ ఆసుపత్రిలో ఆరోగ్య కార్యకర్త ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. మా పిన్ని ఆశా కార్యకర్త. ఆమెతో కలిసి రెండేళ్ళు నాలుగు ఊళ్ళు తిరిగాను. జ్వరం వచ్చినవాళ్ళ పేర్లు, రక్తపరీక్ష చేసిన తేదీలు, గర్భిణుల వివరాలు రిజిస్టర్లో రాసే పని నాది. కువిలో చెప్పినది నర్సు గారికి తెలుగులో, ఆమె చెప్పినది మా వాళ్ళకు కువిలో చెప్పేదాన్ని. బీపీ చూడటం నేర్చుకున్నాను. ఇంజెక్షన్ చేయడం నాకు రాదు, నేర్పితే నేర్చుకుంటాను.”

ఇందులో పిన్ని ఉంది, నర్సు ఉంది, ఊళ్ళున్నాయి. ‘రాసే పని నాది’ అన్న మాట కూడా ఉంది. రానిది రాదని కూడా ఉంది. రెండు ఉత్తరాలూ నిజమే చెప్తున్నాయి. మొదటిదాంట్లోని నిజం జాలి కోసం ఏరుకున్నది. మనిషి చేతుల్లో ఉన్నదంతా వదిలేసి, లేనిదాన్ని మాత్రం ముందుకు పెట్టింది. ఆ అమ్మాయిని ఇంటర్వ్యూకు పిలిచారు. ఆ ఉద్యోగం వేరొకరికి వెళ్ళింది. ఆమె మొదటి వాక్యం మార్చుకుని మరో చోటికి పంపింది.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు: పేదరికం చెప్పుకోకపోతే, గిరిజనులమని చెప్పుకోకపోతే మనకు ఎవరిస్తారు? రిజర్వేషన్ ఉన్నది అందుకే కదా? రిజర్వేషన్‌ను దయగా చూడటం దగ్గరే ఈ గందరగోళం మొదలవుతుందని మా అభిప్రాయం. రాజ్యాంగం 16(4) అధికరణ, 335 అధికరణ చదివితే అవి దానం చేసే భాషలో లేవు. మనకు ఉద్యోగాల్లో న్యాయంగా రావలసినదాని గురించి మాట్లాడతాయి. కులధ్రువపత్రం ఇచ్చేటప్పుడు తల వంచుకోవలసిన పని లేదు. అది అడిగిన చోట ఇస్తాం, అంతే. ఉత్తరం పని వేరు.

ఈ తేడా ఇప్పుడు మనకు మరీ అవసరమైంది. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. ఆ జీవో ఉన్న కాలంలో పంతుళ్ళమైనవాళ్ళం మాలో చాలామందిమి ఉన్నాం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు మీద మన సంఘాల పోరాటం అలా ఉంచి, మా మనసులో మెదిలే విషయం ఒకటుంది. బడికి వచ్చిన మొదటి రోజున తెలుగు ఒక్క ముక్క అర్థం కాక ఏడ్చే పిల్లకు ఆమె భాషలో జవాబు చెప్పగలగడం ఒక అర్హత. ఆ అర్హతను ఇన్నాళ్ళూ జీవో మన తరఫున చెప్పింది. మనం మన నోటితో చెప్పుకోవడం నేర్చుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో పాఠ్యపుస్తకాలు తయారైన సంగతి ఉపాధ్యాయులకు గుర్తుండే ఉంటుంది. అవి పుట్టడానికి కారణం ఆ భాష వచ్చినవాళ్ళు లేకపోతే చదువు ముందుకు సాగకపోవడమే. అయినా మన కుర్రాళ్ళు బయోడేటాలో ‘తెలిసిన భాషలు’ అన్న చోట తెలుగు, ఇంగ్లీషు, హిందీ రాసి ఊరుకుంటారు. ఇంట్లో మాట్లాడే భాష లెక్కలోకి రాదు.

ఉత్తరం ఏ తెలుగులో రాయాలన్నది చిన్న విషయం కాదు గానీ, దానికి జవాబు మనకు వందేళ్ళ కిందటే దొరికింది. పర్లాకిమిడి పంతులు గిడుగు రామమూర్తి గారు సవరలతో కలిసి మెలిసి వాళ్ళ భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం బడులు పెట్టి, 1931లో సవర భాష మీద పెద్ద పుస్తకం తెచ్చారు. మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడినదీ ఆయనే. జనం నోట్లోని మాటకు అంతగా చెవి ఒగ్గిన మనిషి పుస్తకాల తెలుగును ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. ‘చెందినదానను’, ‘ప్రార్థించుచున్నాను’ అని ఇంకా రాస్తున్న పిల్లలకు ఆయన పేరు ఆగస్టు 29న ఒక్కరోజు చెప్పి సరిపెడుతున్నాం.

ఇప్పుడు అర్జీ రాతగాడి స్థానంలో నెట్ సెంటర్ వచ్చింది, ఫోన్ వచ్చింది. నెట్ సెంటరులో ఒకే ఉత్తరం పేరు మార్చి అందరికీ తీసిస్తారు. ఒక్కోసారి పేరు మార్చడం కూడా మర్చిపోతారు. ఫోన్‌ని అడిగితే చక్కటి ఇంగ్లీషులో పేజీ రాసిస్తుంది. వాక్యం సరిచేసుకోవడానికి సాయం తీసుకోవడం తప్పు కాదు. బడిలో మేము చేసేదీ అదే. కానీ ఉత్తరం కింద మన పేరు ఉంటుంది. పేరు పెట్టడమంటే ఇందులోని ప్రతి మాటకూ నేను పూచీ అని. ‘సవాళ్ళను అవకాశాలుగా మలుచుకునే స్వభావం’ అని ఎవరో రాసిచ్చిన దాని కింద సంతకం పెట్టిన కుర్రాడిని, అలా మలుచుకున్నది ఒకటి చెప్పమంటే ఏం చెప్తాడు? అదే కుర్రాడు కాఫీ పళ్ళ కాలంలో ముప్ఫై మంది రైతుల తూకాలు రాసి, ఒక్క గొడవ రాకుండా చూసినవాడై ఉండొచ్చు. ఆ సంగతి మాత్రం ఉత్తరంలో ఉండదు.

ఎక్కువ చెప్పడం గురించి కూడా అనుకోవాలి. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతానని రాస్తే పిలుస్తారు, మొదటి వారంలోనే బయటపడుతుంది. బయటపడుతుంది కాబట్టి రాయొద్దనడం నీతి కాదు, భయం. అసలు కారణం వేరే ఉంది. ఆ ఉత్తరాన్ని నమ్మి ఒక మనిషి మనకు పని అప్పగిస్తాడు. ఆసుపత్రి అయితే రోగి ప్రాణం, బడి అయితే పిల్లల చదువు ఆ నమ్మకం మీద ఉంటాయి. ‘ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలను, మాట్లాడటం నేర్చుకుంటున్నాను’ అన్నది నిలబడే మాట. ఆ మాట రాసినందుకు చేజారిన ఉద్యోగాలు ఉన్నాయి. నిజం చెప్తే అన్నీ వస్తాయని పిల్లలకు చెప్పి పంపడం కూడా ఒక అబద్ధమే.

మాకు తెగని ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. ఉత్తరంలో తాను ఆదివాసీనని రాయాలా? ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఒలింపిక్స్‌లో హాకీ జట్టుకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, తనను తాను జంగ్లీ అని చెప్పుకుని మరీ మాట్లాడారు. అది మనకు గర్వం. కానీ ఆయన నిలబడ్డది ప్రతినిధిగా, ఒక సభలో. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఊరికాని ఊళ్ళో ఒంటరిగా ఒక ఆఫీసు గుమ్మం ముందు నిలబడుతుంది. ఆ పేరు చూసి కాగితం పక్కన పెట్టేసేవాళ్ళు ఉన్నారు, గది అద్దెకు ఇవ్వనివాళ్ళు ఉన్నారు. ఆ భయంతో రాయని పిల్లల్ని మేము తప్పు పట్టం. మేము వద్దనేది రెండే. జాలి కోసం దాన్ని వాడుకోవద్దు. ఎవరైనా అడిగినప్పుడు కాదనవద్దు. మా వరకు చూస్తే, భాషను, అడవి తెలిసిన తెలివిని, సంతలో నలుగురితో మెలిగిన అనుభవాన్ని పని కింద రాసినప్పుడు ఆ పేరు దానంతటదే కనబడుతుంది. అలా కనబడటం మాకు నచ్చుతుంది. అందరికీ అది సాధ్యమని మాత్రం చెప్పలేం.

రాసిన ఉత్తరం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి మా బడిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఉత్తరాన్ని ఇంటి భాషలోకి మార్చి, అందులో ఎవరితో కలిసి పనిచేశానని రాశారో వాళ్ళకే చదివి వినిపించమంటాం. ఆ అమ్మాయి పిన్నికి వినిపించింది. పిన్ని అంతా విని, “బీపీ నీకు నేర్పింది నేను కాదు, నర్సమ్మ. ఆ మాట కూడా రాయి” అందట. ఎక్కువ రాస్తే వాళ్ళు నవ్వుతారు. తక్కువ రాస్తే, “అది కూడా నువ్వే చేశావు కదే” అంటారు. మోకాళ్ళ మీద పడి రాస్తే వాళ్ళకు నచ్చదు, ఎందుకంటే అందులో వాళ్ళు కూడా మోకాళ్ళ మీద ఉంటారు. మొదటి బాణం ఎవరిదో తేల్చే సభ లాంటిదే ఇదీ. పట్నంలో ఉత్తరం చదివేవాడి కంటే ముందు మన ఊరు దాన్ని చదువుతుంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. రాసిచ్చేయకండి. అడగండి. పొద్దున లేచి ఏం చేస్తావు, నువ్వు లేని రోజున ఏ పని ఆగిపోతుంది, నిన్ను వెతుక్కుంటూ ఎవరు వస్తారు అని అడగండి. ఒక్కో పిల్లకు గంట పడుతుంది. పదో తరగతి తెలుగులో లేఖారచన పాఠం ఎలాగూ చెప్తున్నాం. స్నేహితుడికి విహారయాత్ర గురించి రాయించే ఉత్తరానికి బదులు ఇది రాయిస్తే సిలబస్ ఏమీ పాడవదు.

ఆఖరున ఫోన్ నంబరు సంగతి. ఉత్తరం కింద తేదీ, పేరు, మండలంతో సహా ఊరు, నంబరు రాయాలి. మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు సిగ్నల్ అందదు, కొండెక్కి మామిడిచెట్టు దగ్గరికి వెళ్తే గానీ ఫోన్ మోగదు. పిలిచినప్పుడు దొరకలేదని కాగితం పక్కన పెట్టేస్తారు. అందుకని మండల కేంద్రంలో ఉండే చుట్టాలదో, బడిలో మాలో ఎవరిదో రెండో నంబరు కూడా రాయండి. ‘మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు, సాయంత్రం ఆరు తర్వాత దొరుకుతాను’ అని ఒక వరుస రాయండి. దాంట్లో సిగ్గుపడాల్సింది లేదు, అది సెల్ టవర్ సంగతి.